నల్లర్‌బార్ చలిమంట దగ్గర పుట్టిన పాటలు

ఆస్ట్రేలియా సంగీతం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి కైలీ మినోగ్, ఏసీ డీసీ లాంటి రెండు మూడు పేర్లు. కంట్రీ సంగీతం అనగానే అమెరికా, అందులోనూ నాష్‌విల్ నగరం గుర్తొస్తాయి. ఈ రెంటినీ కలిపి "ఆస్ట్రేలియా కంట్రీ సంగీతం" అంటే, అలాంటిది కూడా ఒకటుందా అని అడిగేవారే ఎక్కువ. ఉంది. దానికి దాదాపు తొంభై యేళ్ళ చరిత్ర కూడా ఉంది.

ఆ చరిత్రలో 2002 ఒక పెద్ద మలుపు. ఆ ఏడాది మొదట్లో కేసీ చేంబర్స్ అనే పాతికేళ్ళ గాయని ఆల్బం 'బారికేడ్స్ అండ్ బ్రిక్‌వాల్స్', అందులోనే ఉన్న 'నాట్ ప్రెటీ ఎనఫ్' అనే పాట, రెండూ ఒకే సమయంలో దేశం మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచాయి. అంతకు ముందు ఆస్ట్రేలియా కంట్రీ కళాకారులెవరికీ ఆ రెండు మొదటి స్థానాలూ ఒకేసారి దక్కలేదు. 2001లో విడుదలైన ఆ ఆల్బం చివరికి ఏడు ప్లాటినంలు అందుకుంది. ఇక్కడి లెక్కలో ఒక ప్లాటినం అంటే 70 వేల ప్రతులు. ఏడు ప్లాటినంలంటే 4 లక్షల 90 వేలు. అప్పటి దేశ జనాభా కోటీ తొంభై లక్షల పైచిలుకు. అంటే పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ కలుపుకొని ప్రతి నలభై మందికీ ఒక ప్రతి అన్నమాట.

అంకెలు చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి గాని, ఈ వ్యాసం వాటి కోసం కాదు. ఆ పాటలు ఎక్కణ్ణించి వచ్చాయి, ఎవరి చేతుల మీదుగా వచ్చాయి అన్నది అసలు సంగతి. మన పాట, మన మాట పిల్లలకి అందుతాయా అందవా అని లోలోపల బెంగపడే మనలాంటి కుటుంబాలు ఆగి ఆలోచించుకోవలసింది ఈ కథలో కొంత ఉంది.

అరువు రాగం, సొంత ఊరు

ఈ సంగీతం ఆస్ట్రేలియా మట్టిలో పుట్టింది కాదు. గ్రామఫోను రికార్డుల్లో ఓడలెక్కి వచ్చింది. 1920ల చివర, 1930ల మొదట్లో జిమ్మీ రాడ్జర్స్ లాంటి అమెరికన్ గాయకుల రికార్డులు ఇక్కడి పల్లెలకి చేరాయి. గొంతును ఒక్కసారిగా పైకి విరిచి పాడే యోడలింగ్ పద్ధతి గొర్రెల కాపరులకీ, పశువుల్ని వందల మైళ్ళు తోలుకెళ్ళే కూలీలకీ తెగ నచ్చింది. న్యూజీలాండులోని నెల్సన్ పట్టణంలో పుట్టిన టెక్స్ మార్టన్ 1936లో సిడ్నీలో రీగల్ జోనోఫోన్ కంపెనీకి పాటలు పాడి రికార్డు చేశాడు. ఆస్ట్రేలియా కంట్రీ సంగీత చరిత్రని చాలామంది అక్కణ్ణించే మొదలుపెడతారు. మొదట్లో అతను పాడినవి అమెరికన్ పాటలే. పేరులోని 'టెక్స్' కూడా అరువు తెచ్చుకున్నదే. కానీ కొద్ది కాలానికే ఆ బాణీల్లోకి ఇక్కడి గుర్రాలు, ఇక్కడి దారులు, ఇక్కడి మనుషులు వచ్చి చేరారు.

ఆ పనిని జీవితమంతా చేసినవాడు స్లిమ్ డస్టీ. అసలు పేరు డేవిడ్ గోర్డన్ కిర్క్‌పాట్రిక్. 1927లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని కెంప్సీ దగ్గర పాడి రైతుల ఇంట పుట్టాడు. పదేళ్ళకే మొదటి పాట రాసి, పదకొండేళ్ళకి తనకి తానే 'స్లిమ్ డస్టీ' అని పేరు పెట్టుకున్నాడు. 1957లో అతను పాడిన 'ఎ పబ్ విత్ నో బీర్' దేశాన్ని ఊపేసింది. బీరు నిండుకున్న ఒక పల్లెటూరి సారాయి కొట్టు మీద హాస్యంగా అల్లిన పాట అది. గోల్డ్ రికార్డు అందుకున్న మొదటి ఆస్ట్రేలియన్ అతనే. 1954 నుంచి భార్య జాయ్ మెకీన్‌తో కలిసి బండికి కారవాన్ తగిలించుకుని ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. ఆమె స్వయంగా గొప్ప పాటల రచయిత్రి. పిల్లలూ ఆ బండిలోనే పెరిగారు. ఇల్లే నాటక సమాజంగా బతికిన మన సురభి కుటుంబాల గురించి తెలిసినవాళ్ళకి ఆ జీవితం ఊహించుకోవడం కష్టం కాదు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు ఉత్సవంలో 'వాల్ట్జింగ్ మటిల్డా' పాడమని పిలిచింది ఇతన్నే. 2003లో చనిపోయేనాటికి నూటా అయిదో ఆల్బం దాటి తర్వాతి దాని పనిలో ఉన్నాడు.

1973 జనవరిలో టామ్‌వర్త్ పట్టణంలో గోల్డెన్ గిటార్ బహుమతులు మొదలయ్యాయి. అక్కడి రేడియో స్టేషను 2టీఎం పూనుకుని చేసిన పని అది. ఇప్పుడు ప్రతి జనవరిలోనూ ఆ ఊళ్ళో జరిగే కంట్రీ సంగీతోత్సవానికి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఊరి బయట 12 మీటర్ల బంగారు రంగు గిటార్ బొమ్మ కూడా ఉంది. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. 1980 నుంచి నగరాల్లో వాణిజ్య ఎఫ్ఎం స్టేషన్లు వచ్చాయి. వాటికి కావలసింది రాక్, పాప్. కంట్రీ పాటకి టామ్‌వర్త్‌లో సింహాసనం ఉంది గాని, సిడ్నీ, మెల్‌బోర్న్ రేడియోల్లో నిలబడటానికి చోటు లేకపోయింది. అది పల్లెటూరి వాళ్ళ సంగీతం, పాతకాలపు సంగీతం అనే ముద్ర పడిపోయింది.

చెట్టు లేని మైదానంలో

కేసీ చేంబర్స్ 1976 జూన్ 4న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలోని మౌంట్ గాంబియర్‌లో పుట్టింది. ఆమె పసిగుడ్డుగా ఉన్నప్పుడే తండ్రి బిల్, తల్లి డయాన్, రెండేళ్ళు పెద్దవాడైన అన్న నాష్‌తో కలిసి నల్లర్‌బార్ మైదానానికి తరలివెళ్ళారు. ఆ తర్వాత దాదాపు పదేళ్ళ పాటు ఏడాదిలో ఎక్కువ నెలలు వాళ్ళ కాపురం అక్కడే. ఎండాకాలంలో మాత్రం సముద్రపు ఒడ్డునున్న సౌతెండ్ అనే చిన్న పల్లెకి తిరిగి వచ్చేవారు.

నల్లర్‌బార్ అంటే లాటిన్‌లో 'చెట్టు లేనిది' అని అర్థం. సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాతి మైదానం. వాన కురిసినా నీళ్ళు రాతి పగుళ్ళలోకి ఇంకిపోతాయి, నదులంటూ ఉండవు. ఈ మైదానం మీదుగా వెళ్ళే రైలు మార్గంలో 478 కిలోమీటర్ల దూరం ఒక్క మలుపు కూడా లేదు. ప్రపంచంలో ఇంత పొడుగున తిన్నగా సాగే రైలు మార్గం ఇంకోటి లేదు. మైదానాన్ని దాటించే అయర్ హైవేకి పూర్తిగా తారు పడింది కేసీ పుట్టిన 1976లోనే. తెల్లవాళ్ళు ఖాళీ నేల అనుకున్న ఆ చోట మిర్నింగ్ ప్రజలు తరతరాలుగా బతుకుతున్నారన్నది కూడా మరిచిపోకూడదు.

అక్కడికెందుకు వెళ్ళారు? వేట కోసం. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి విక్టోరియాలోని తన ఎస్టేటులో వేట సరదా కోసం రెండు డజన్ల కుందేళ్ళని వదిలాడు. అవి పుట్టలు పుట్టలుగా పెరిగి ఖండమంతా పాకాయి. అలాగే వేట కోసం తెచ్చిన నక్కలు వాటి వెనకే విస్తరించాయి. రెండూ రైతులకీ, ఇక్కడి సొంత జంతువులకీ శత్రువులయ్యాయి. నక్క తోలుకి విదేశాల్లో గిరాకీ ఉన్న రోజుల్లో ఆ వేట ఒక జీవనోపాధి. బిల్ చేంబర్స్ చేసింది అదే. రాత్రిళ్ళు వేట, పగలు నిద్ర. ఇల్లంటే ఒక టయోటా లాండ్‌క్రూజర్ బండి. వంట నిప్పుల మీద. నీళ్ళు కొలిచి వాడుకోవాలి. పిల్లలకి చదువు చెప్పింది తల్లే.

సాయంత్రం చలిమంట దగ్గర బిల్ గిటార్ తీసి పాడేవాడు. హాంక్ విలియమ్స్, జిమ్మీ రాడ్జర్స్, ఎమీలూ హారిస్, గ్రామ్ పార్సన్స్ పాటలు. బండిలో ఉన్న క్యాసెట్లూ అవే. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు, టీవీ లేదు, స్కూలు స్నేహితులు లేరు. ఆ పిల్లలకి సంగీతమంటే నాన్న పాడేదే. అమెరికాలోని పల్లెల్లో పుట్టిన పాటలు ఆస్ట్రేలియా ఎడారిలో ఒక పిల్లకి ఇంటి పాటలైపోయాయి. ఈ దేశం వచ్చేటప్పుడు పెట్టెలో బట్టల మధ్య ఘంటసాల క్యాసెట్లు దాచుకుని తెచ్చుకున్న తరం మనలో ఇంకా ఉంది. క్యాసెట్ అనే ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా ఎంత దూరం నుంచి ఎంత మోసుకురాగలదో వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

ఇంటి బ్యాండు

1986 ప్రాంతంలో కుటుంబం సౌతెండ్‌లో స్థిరపడింది. పిల్లలు బడిలో చేరారు. 1990ల మొదట్లో నలుగురూ కలిసి 'డెడ్ రింగర్ బ్యాండ్' పేరుతో పబ్బుల్లో, క్లబ్బుల్లో పాడటం మొదలుపెట్టారు. తండ్రి గిటార్, తల్లి బేస్, కొడుకు, కూతురు. మళ్ళీ అదే బండి బతుకు, కాకపోతే ఈసారి నక్కల వెంట కాకుండా శ్రోతల వెంట. 1995లో వాళ్ళ 'హోమ్ ఫైర్స్' ఆల్బంకి ఆస్ట్రేలియా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఉత్తమ కంట్రీ ఆల్బం బహుమతి ఇచ్చింది. ఆ సంఘాన్ని ఇక్కడ అందరూ క్లుప్తంగా 'ఏరియా' అంటారు. ఇక్కడి సంగీత ప్రపంచంలో ఆ బహుమతులే పెద్దవి.

1998లో తల్లిదండ్రులు విడిపోయారు. బ్యాండూ ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ కూతురు ముందు రెండు ప్రశ్నలు మిగిలాయి: ఇల్లు లేకుండా పాట ఉంటుందా, ఉంటే అది ఎవరిది? ఆ ఏడాదే పసిఫిక్ సముద్రంలోని నార్‌ఫోక్ దీవిలో ఆమె తన మొదటి సొంత ఆల్బం 'ద కాప్టెన్' రికార్డు చేసింది. నిర్మాత అన్న నాష్. గిటార్ వాయించింది తండ్రి. 1999లో అది విడుదలై ఏరియా ఉత్తమ కంట్రీ ఆల్బం బహుమతి తెచ్చుకుంది. మరుసటి ఏడాది పాప్, రాక్ గాయనులందరితో పోటీపడి ఏరియా ఉత్తమ గాయని బహుమతి కూడా గెలుచుకుంది. అదే ఏడాది ఆల్బం అమెరికాలోనూ విడుదలైంది. అరువు తెచ్చుకున్న సంగీతాన్ని ఆ దేశానికే తిరిగి వినిపించినట్టయింది.

తలుపు తియ్యని రేడియో

బహుమతులొచ్చాయి, మంచి సమీక్షలొచ్చాయి, హాళ్ళు నిండాయి. కానీ నగరాల వాణిజ్య రేడియోలు మాత్రం ఆమె పాటలు వెయ్యలేదు. ఆమెది సన్నటి గొంతు, కొంచెం ముక్కుతో పలికే గొంతు. అప్పటి రేడియోల్లో మోగుతున్న నునుపైన పాప్ గొంతుల పక్కన అది గరుగ్గా వినిపించేది. ఆ కసిలోంచి రాసిందే 'నాట్ ప్రెటీ ఎనఫ్'. నేనంత అందంగా లేనా అని దాని అర్థం. పైకి వింటే ఒక అమ్మాయి తనని పట్టించుకోని అబ్బాయిని అడుగుతున్నట్టుంటుంది. లోపల ఆమె అడుగుతున్నది రేడియో స్టేషన్లని. ఈ విషయం ఆమే తర్వాత బహిరంగంగా చెప్పింది.

పాటలో ఆర్భాటం లేదు. నెమ్మదైన నడక, గిటార్, గొంతు. కోపం కూడా లేదు, ప్రశ్నలే ఉన్నాయి. ఏ రేడియోలు ఆమెని వద్దన్నాయో ఆ రేడియోలే ఆ పాటని ఆపకుండా వేశాయి. తమ మీద వచ్చిన ఫిర్యాదుని తామే దేశానికంతా వినిపించాయి. ఎందుకలా జరిగింది? నేను చాలనా అనే ప్రశ్న ఒక్క గాయనిది కాదు గనక. బడిలో ఆటకి పిలవని పిల్లది, అద్దం ముందు నిలబడిన పదిహేనేళ్ళ అమ్మాయిది, ఇంటర్వ్యూలో తన ఉచ్చారణ విని మొహం చిట్లించిన అధికారి ఎదుట కూర్చున్న వలస మనిషిది కూడా. ఎడారిలో పెరిగిన పిల్ల తన సొంత గోడు చెప్పుకుంటే, దేశం తన గోడు విన్నది.

అయితే ఆ ఒక్క పాటనే విని ఆగిపోయినవాళ్ళకి ఆల్బం అసలు రుచి తెలియదు. పేరు పెట్టిన మొదటి పాట, అడ్డుగోడలేవీ నన్నాపలేవన్న ధోరణిలో, గట్టి రాక్ పాటలా సాగుతుంది. 'ఎ లిటిల్ బిట్ లోన్సమ్' విన్నవాళ్ళు 1950ల నాటి రికార్డనుకుంటారు. చలిమంట దగ్గర విన్న హాంక్ విలియమ్స్ అందులో స్పష్టంగా ఉన్నాడు. గ్రామ్ పార్సన్స్ పాట ఒకటి నేరుగా పాడింది. నాన్నకి నమస్కారం పెట్టినట్టుంటుంది అది. 'నల్లర్‌బార్ సాంగ్'లో తన మైదానాన్ని తలుచుకుంది. కంట్రీ అంటే గిట్టని కుర్రకారు మెచ్చే మెల్‌బోర్న్ బ్యాండు 'ద లివింగ్ ఎండ్' ఒక పాటలో వాయించింది. ఆస్ట్రేలియా వాళ్ళు తమ కవిగా భావించే పాల్ కెల్లీ ఇంకో పాటలో గొంతు కలిపాడు. అమెరికా నుంచి లూసిండా విలియమ్స్ వచ్చి మరో పాటలో పాడింది. ఈసారీ నిర్మాత నాషే.

2002 ఏరియా బహుమతుల్లో ఉత్తమ కంట్రీ ఆల్బం, ఉత్తమ గాయని బహుమతులతో పాటు ఆ ఏటి ఉత్తమ ఆల్బం బహుమతి కూడా దీనికే దక్కింది. చివరిది ముఖ్యం. కంట్రీ గదిలో కూర్చోబెట్టి ఇచ్చిన బహుమతి కాదది, పెద్ద హాలులోకి పిలిచి ఇచ్చింది.

రెండు దారులు

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. అరువు తెచ్చుకున్న సంగీతాన్ని సొంతం చేసుకోవడం ఎలా? స్లిమ్ డస్టీ ఇచ్చిన సమాధానం, మన ఊళ్ళ పేర్లు, మన మనుషులు, మన యాస పాటలో ఉండాలి అని. ఆయన పాటలో ఆస్ట్రేలియా కంటికి కనిపిస్తుంది. కేసీ దారి వేరు. ఆమె పాటల్లో చాలావాటికి ఊరూ పేరూ ఉండవు, బాణీలో అమెరికా వాసన దాచుకోదు. అందుకని ఇది నిజమైన ఆస్ట్రేలియా పాటేనా అని ఎవరైనా అడిగితే ఆ అనుమానాన్ని తోసెయ్యలేం. నా మటుకు నాకు ఆమె పాట ఆస్ట్రేలియాదే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఒంటరితనం అరువుది కాదు. కనుచూపు మేర ఎవరూ లేని చోట పదేళ్ళు గడిపిన గొంతు అది. బాణీ ఎవరిదైనా, అందులో పోసిన బతుకు ఆమెది.

బిల్ చేంబర్స్ తన కూతురికి ఏ పాఠాలూ పెట్టలేదు. సంప్రదాయం నిలబెట్టమని చెప్పలేదు. తనకిష్టమైనవి తను పాడుకున్నాడు, పిల్లలు పక్కన కూర్చున్నారు. పెద్దయ్యాక ఆ పాటల్లోంచి ఆమె తన కోపాన్నీ తన దిగులునీ పలికించుకున్నప్పుడు, హాంక్ విలియమ్స్ ఇలా పాడలేదే అని అడ్డుపడకుండా గిటార్ పట్టుకుని వెనక నిలబడ్డాడు. మనం పిల్లలకి పద్యం నేర్పేటప్పుడు మొదటి సగం, అంటే వినిపించడం, బాగానే చేస్తాం. రెండో సగం దగ్గరే తడబడతాం. వాడు దాన్ని తన గొంతుతో, తన తప్పులతో, తన విషయం చెప్పడానికి వాడుకుంటానంటే మనకి నచ్చదు. తెలుగులో రాప్ పాడితే మొహం చిట్లిస్తాం. వేదిక మీద అప్పజెప్పిన పాట చప్పట్లతో అయిపోతుంది. తన గోడు చెప్పుకోవడానికి పనికొచ్చిన పాట మాత్రం మనిషితో ఉండిపోతుంది.

ఒక తేడా కూడా ఒప్పుకోవాలి. మనం నల్లర్‌బార్‌లో లేం. మన పిల్లల చేతుల్లో ప్రపంచంలోని పాటలన్నీ ఉన్నాయి. ఒకే ఒక్క క్యాసెట్ల పెట్టె ఉన్న బాల్యాన్ని వాళ్ళకి మళ్ళీ కల్పించలేం, కల్పించాలనుకోవడం న్యాయం కూడా కాదు. తోటిపిల్లలు లేని ఆ బతుకులో లోటు కూడా ఉంది. అయినా ఒక్కటి మాత్రం మన చేతిలో ఉంది: ఎవరికోసమో కాకుండా మనకోసం మనం పాడుకునే సమయం, పిల్లలు దాన్ని చూడగలిగిన దూరం.

ఆ కుటుంబం కథ 2002తో ఆగలేదు. 2009లో కేసీ తన తండ్రితో కలిసి పిల్లల పాటల ఆల్బం ఒకటి చేసింది. పేరు 'కేసీ చేంబర్స్, పొప్పా బిల్ అండ్ ద లిటిల్ హిల్‌బిల్లీస్'. 'పొప్పా' అంటే తాత. అందులో మూడో తరం గొంతులూ ఉన్నాయి. 2011లో చిన్నప్పటి నుంచీ విని పెరిగిన పాటల్ని 'స్టోరీబుక్' పేరుతో పాడింది. 2018లో ఏరియా సంస్థ ఆమెని తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది.

వినాలనుకునేవారికి ఒక సలహా. అందరికీ తెలిసిన 'నాట్ ప్రెటీ ఎనఫ్'తో మొదలుపెట్టకండి. ముందు 'నల్లర్‌బార్ సాంగ్' వినండి, తర్వాత 'ఎ లిటిల్ బిట్ లోన్సమ్', ఆ తర్వాత ఆ పెద్ద పాట. ఇంట్లో కన్నా దూర ప్రయాణంలో, కారులో, వెనక సీట్లో పిల్లలు ఉన్నప్పుడు వింటే ఇంకా మంచిది. అది అయ్యాక మీకిష్టమైన తెలుగు పాట ఒకటి పెట్టుకుని మీరూ గొంతు కలపండి. శ్రుతి తప్పినా ఫరవాలేదు, లాండ్‌క్రూజర్‌లో కూడా శ్రుతి చూసుకున్నవాళ్ళెవరూ లేరు.